నాలుగు నెలల పది రోజులు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదకవర్గము వారు అడిగినప్పుడు, తెలుగు అధ్యాపకులము గనుక ఏ ప్రబంధకవిని గురించియో, ఏ శతకమును గురించియో వ్రాస్తామని వారు అనుకొని ఉండవచ్చు. గత సంచికలలో మేము చేసినది కూడా అదే. ఈసారి మాత్రం కంప్యూటరుకు తారీఖుల లెక్క నేర్పబోయిన మా చిన్న ప్రయత్నమును గురించి, అందులో మేము చేసిన ఒక పొరపాటును గురించి వ్రాయదలచాము. సైన్సు విభాగపు మిత్రులు మా సాహసమును మన్నింతురు గాక.

ఈ వ్యామోహం మాకు కళాశాల సెలవుల పట్టిక వలన పట్టుకొన్నది. ఏటా ఆ పట్టిక తయారు చేయు కమిటీలో మా పేరు ఉంటుంది. ఒకే కాగితము మీద మూడు కాలమానములు తలపడే సందర్భం అది. పరీక్షలు, ఫీజుల గడువులు ఇంగ్లీషు తేదీలను అనుసరించి నడుస్తాయి. ఉగాది, వినాయక చవితి పంచాంగమును అనుసరిస్తాయి. రంజాన్, బక్రీద్, మీలాద్ చంద్రదర్శనమును బట్టి వస్తాయి. కమిటీ పెద్దలలో ఒకరు “ఈ ఏడు మీలాద్ ఏ వారం పడుతుంది?” అని అడుగుతారు. మేము గోడ మీది మూడు క్యాలెండర్ల మధ్య అటూ ఇటూ నడుస్తాము. ఈ నడక చూచి జాలిపడిన మా శిష్యుడొకడు, కంప్యూటర్ సైన్సు చదివే కుర్రవాడు, “సార్, దీనికి ఒక ఆదేశం వ్రాసుకోవచ్చు గదా” అన్నాడు. పెందుర్తిలోని మా ఇంటికి వరుసగా నాలుగు ఆదివారాలు వచ్చి, మా పాత కంప్యూటరులో లినక్స్ ఎక్కించి, మాకు అక్షరాభ్యాసం చేసినవాడు అతడే.

కంప్యూటరుతో వ్యవహరించుటకు రెండు మార్గములు కలవు. తెర మీది బొమ్మలను తాకుచు పోవుట ఒకటి. ఒక పంక్తి వ్రాసి ఆదేశించుట రెండవది. ఈ రెండవ పద్ధతికి వాడే భాషను ఆదేశ భాష అనవచ్చు. యూనిక్స్ అనే వ్యవస్థకు 1979లో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన ఆదేశ భాష లోకమంతటా వ్యాపించింది. 1989లో బ్రయాన్ ఫాక్స్ దానినే పెంచి బ్యాష్ అనునది వ్రాశాడు. మా యింట ఉన్నది ఈ బ్యాష్. ఇట్టి వాటిని షెల్ అంటారు. లోపలి ముఖ్య భాగమునకు కెర్నెల్ అని పేరు. కెర్నెల్ అనగా గింజ, షెల్ అనగా దాని మీది పెంకు. ఈ పేర్లు పెట్టినవారికి వేరుశెనగ తినుచు పని చేయు అలవాటు ఉండెనేమో అని మేము శిష్యునితో అంటే అతడు నవ్వలేదు.

వ్యాకరణం చెప్పుకొని బ్రతికే మాకు ఈ భాష వింతగా తోచింది. అందులో ఉన్నవన్నీ విధ్యర్థక క్రియలే. మొదటి మాట క్రియ, తరువాత దాని విశేషణములు, ఆపైన కర్మ. ప్రథమ పురుష లేదు, భూతకాలం లేదు. “చూపు”, “వెదకు”, “చెరుపు” అంతే. అయితే దానికొక గొప్ప గుణం ఉన్నది. అందులో లేని మాటను మనం తయారు చేసి చేర్చితే, దానిని పరాయిదానినిగా చూడదు. నాలుగు పంక్తులు వ్రాసి వాటికొక పేరు పెట్టి, ఆరంభంలో చదువుకొనే ఫైలులో ఉంచినామా, మరునాటి నుండి ఆ పేరు పుట్టుకతో వచ్చిన క్రియలతో సమానంగా చెల్లుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణములో తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని భాషను విభజించి చూపాడు గదా. యంత్రముతో వచ్చిన “డేట్” అను ఆదేశం తత్సమం అనుకొంటే, మేము చేర్చబోయేది దేశ్యం. దానికి “తారీఖు” అని పేరు పెట్టాము. ఇంగ్లీషు లిపిలోనే టైపు చేయవలెను, అయినా పలుకు మనది.

మొదటి “తారీఖు” నాలుగు పంక్తులకు మించలేదు. ఒక తేదీ, దానికి కలపవలసిన గడువు ఇస్తే, ఆ మాటలనే “డేట్” ఆదేశమునకు అప్పగించి జవాబు తెచ్చేది. “డేట్” కూడా తెలివి గలదే. “ఒక వారం తరువాత”, “మూడు నెలల క్రిందట” అని ఇంగ్లీషులో వ్రాస్తే అర్థం చేసుకొంటుంది. శిష్యుడు మాత్రం ఒక చిక్కు చూపించాడు. 2024 జనవరి 31కి ఒక నెల కలుపుమంటే మార్చి 2 అని చెప్పినది. కారణం ఏమనగా, అది నెల అంకెను మాత్రం ఒకటి పెంచి ఫిబ్రవరి 31 అనుకొంటుంది. అట్టి తేదీ లేదు గనుక ఫిబ్రవరి 29 దాటిన రెండు రోజులను మార్చిలోనికి దొర్లిస్తుంది. ఫీజు గడువు పెంచమని తిరిగే విద్యార్థులకు ఈ లెక్క నచ్చుతుందని నవ్వుకొన్నాము. నెల అనే మాట దగ్గర యంత్రం తడబడుచున్నదని ఆనాడే కంటబడినది. నవ్వుకొని ఊరకుండుట మా తప్పు.

ఇంతలో మా వీధి రైతు ఒకాయన తాతగారి కాలపు భూమి కాగితాలతో వచ్చాడు. “మాష్టారూ, ఈ అడంగల్ మీద ఫస్లీ 1390 అని ఉంది. ఇది ఏ సంవత్సరమండీ?” అన్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుండి మన జిల్లాల రెవిన్యూ లెక్కలలో ఫస్లీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కాబట్టి అది 1980 జూలై నుండి 1981 జూన్ వరకు. మా ఆదేశమునకు “ఫస్లీ” అను మాట కూడా ఆ సాయంత్రమే చేర్చాము. ఆయనకు కాఫీ ఇచ్చి, ఫస్లీ చరిత్ర కూడా చెప్పాము. అడగనివారికి చరిత్ర చెప్పుట అధ్యాపకులకు ఉన్న రోగం.

ఫసల్ అనగా పంట. హిజ్రీ సంవత్సరమునకు 354 లేక 355 రోజులు. పంట సూర్యుని బట్టి పండుతుంది, చంద్రుని బట్టి పండదు. శిస్తును హిజ్రీ సంవత్సరమును బట్టి వసూలు చేస్తే గడువు ఏటేటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 33 పంటలు పండేసరికి రైతు 34 శిస్తులు కట్టవలసి వస్తుంది. ఈ అన్యాయం తొలగించుటకే అక్బరు కాలమున ఫస్లీ ఏర్పడినది. దక్కనులో దానిని షాజహాను 1636లో ప్రవేశపెట్టాడు. అప్పుడు నడుచుచున్న హిజ్రీ 1046 అంకెనే తీసుకొని, అటుపైన సూర్యుని వెంట నడిపించారు. ఒకే అంకెతో బయలుదేరిన రెండు సంవత్సరములు 2024 జూలైకి ఎంత ఎడమైనవో చూడండి: ఫస్లీ 1434, హిజ్రీ 1446. 388 ఏండ్ల నడకలో 12 ఏండ్ల ఎడం.

చాంద్ నెలకు, ఇంగ్లీషు నెలకు ఉన్న తేడాను ఇంత చక్కగా రైతుకు బోధించిన మేమే, ఇంటిలో ఏమి చేశామో ఇక చెప్పవలెను.

మా ఖాలూ, అనగా మా తల్లిగారి చెల్లెలి భర్త, 2023 అక్టోబరు 20న, శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల వేళ, పెందుర్తిలోనే మరణించారు. మా ఖాలా ఇద్దత్‌లో కూర్చున్నది. భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజులు. ఆ గడువు తీరేవరకు ఆమె ఊరు దాటి ప్రయాణం చేయదు. నలభయ్యవ దినం ఎప్పుడని బంధువులు అడిగితే మా “తారీఖు” నవంబరు 28 అని చెప్పినది. అది సరిగానే ఉన్నది. రోజులలో లెక్కించినంతవరకు రోజు ఎవరికైనా రోజే గదా. ఆ జవాబుతో ఇంటిల్లిపాదికీ మా యంత్రం మీద నమ్మకం కుదిరింది. మాకైతే మరి కొంచెం ఎక్కువగానే కుదిరింది.

ఖాలాకు ఒక్కతే కూతురు. రాయపూర్‌లో కాపురం. మొదటి కాన్పు ఫిబ్రవరి ఆఖరున గాని మార్చి మొదట గాని అని డాక్టరు చెప్పియున్నారు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న పిల్ల. ఆ సమయమునకు తల్లి ప్రక్కన ఉండవలెనని ఇద్దరి కోరిక. చెహ్లుం అయిన వారానికి ఖాలా మమ్మల్ని పిలిచి, “నా ఇద్దత్ ఏ రోజున పూర్తవుతుందో చూసి, ఆ రాత్రికే టిక్కెట్టు తీయి బేటా” అన్నది. మేము కంప్యూటరు ముందు కూర్చుండి, అక్టోబరు 20, దానికి నాలుగు నెలలు, దానికి పది రోజులు అని కొట్టాము. రెప్పపాటులో జవాబు వచ్చింది: మార్చి 1, శుక్రవారం. ద్వారబంధం వద్ద నిలబడిన మా అమ్మీ, “చాంద్ నెలలేనా?” అని అడిగినది. “అవన్నీ అదే చూసుకుంటుంది అమ్మీ” అన్నాము. ఈ వాక్యమును మేము ఈనాటికీ మరువలేకున్నాము. మార్చి 1 రాత్రి బండికి టిక్కెట్టు తీశాము.

ఫిబ్రవరి 29, గురువారం ఉదయం రాయపూర్ నుండి ఫోను వచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. కాన్పు మాత్రం కష్టమైనదట. పిల్ల రాత్రంతా అమ్మీ, అమ్మీ అని పలవరించినదట. ఖాలా షుక్రానా నమాజు చదివి, ఆ తరువాత గోడ వైపు తిరిగి చాలాసేపు కూర్చున్నది. ఇంకొక్క రోజు గదా అని మేము ఓదార్చాము.

మరునాడు జుమా నమాజు తరువాత మౌల్వీ సాహెబు కుశలమడిగితే, “మా ఖాలా ఇద్దత్ ఈ రోజుతో పూర్తయినది, రాత్రికి ప్రయాణం” అని చెప్పాము. ఆయన వృద్ధులు, కండ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, మసీదు గోడకున్న క్యాలెండరు దగ్గరకు వెళ్ళి, వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క వేసుకొన్నారు. “ఈ రోజా? మంగళవారమే పూర్తయింది గదా” అన్నారు. మేము నిలువునా నీరైనాము.

ఆయన చెప్పినది ఇది. భర్త చాంద్ మొదటి తేదీన పోతే నాలుగు చాంద్ నెలలు, పైన పది రోజులు లెక్కించవలెను. నెల నడుమ పోతే, మన ప్రాంతమున అనుసరించే హనఫీ పద్ధతిలో నెలకు ముప్పై చొప్పున మొత్తం 130 రోజులు. ఖాలూ పోయినది రబీఉస్సానీ 4న. కనుక 130 రోజులు. అది ఫిబ్రవరి 27, మంగళవారం మధ్యాహ్నముతో పూర్తి. ఊరక చాంద్ నెలలే లెక్కిస్తే షాబాన్ 14, అనగా ఫిబ్రవరి 25 వచ్చేది. మా యంత్రం ఇంగ్లీషు నెలలు పట్టుకొని 133 రోజులు కూర్చోబెట్టినది. 27 రాత్రి బండి ఎక్కి ఉంటే, 28న రాయపూర్ చేరేది. 29 నాటికి కూతురి ప్రక్కన ఉండేది.

ఇంటికి పోయి ఈ మాట చెప్పవలెనా, మానవలెనా అని అరకు రోడ్డు మీద పెందుర్తి కూడలి దాటి చాలా దూరం ఊరక నడిచాము. చెప్పకుంటే ఆమెకు ఎన్నటికీ తెలియదు. చెప్పితే ఆమె దుఃఖం పెరుగుతుంది గాని తరగదు. అయినను, లెక్క ఆమెది. తన లెక్క తెలిసికొనే హక్కు ఆమెకున్నది అనిపించి తిరిగి వచ్చి చెప్పాము. ఆమె సంచిలో పసిపిల్ల పాత గుడ్డలు సర్దుచున్నది. చేతులు ఆగినవి. ఉర్దూలో ఆమె అన్నదానిని తెలుగులో వ్రాస్తున్నాము: “మీ ఖాలూ కోసం మూడు రోజులు ఎక్కువ కూర్చున్నాను, దానికేముంది.” మరి కొంత సేపటికి, “మౌల్వీ సాహెబు మన సందు చివరనే ఉంటారు గదా బేటా, ఆయనను ఎందుకు అడగలేదు?” అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. తెలిసికొనగోరి అడిగినది. మా వద్ద జవాబు లేకపోయినది.

ఖాలాను బండి ఎక్కించి వచ్చిన రాత్రే “తారీఖు”ను తుడిచివేసి మళ్ళీ మొదటి నుండి వ్రాయుటకు కూర్చున్నాము. ఈసారి శిష్యుని పిలువలేదు. తేదీల లెక్కకు అసలు ఉపాయం ఏమిటంటే, తేదీని ముందుగా ఒక్క రోజుల సంఖ్యగా మార్చుట, ఆ సంఖ్యకు కలుపుట, మళ్ళీ తేదీగా మార్చుట. ఇది కొత్తది కాదు. మన జ్యోతిష్కులు అహర్గణమను పేర, క్రీస్తుపూర్వం 3102లో కలియుగారంభం నుండి గడచిన దినముల మొత్తం లెక్కించేవారు. ఐరోపాలో జోసెఫ్ స్కాలిజర్ 1583లో క్రీస్తుపూర్వం 4713 నుండి మొదలగు సంవత్సరముల చక్రమును ఏర్పరచినాడు, దానిని బట్టి తరువాతివారు అట్టి దినముల లెక్కనే కట్టినారు. యూనిక్స్ వారు 1970 జనవరి 1 నుండి సెకండ్లు లెక్కిస్తారు. దానిని రోజుకు 86,400 చొప్పున భాగిస్తే రోజులు వస్తాయి. ఖాలూ పోయిన రోజు ఆ లెక్కన 19,650. దానికి 130 కలిపితే 19,780. అదే ఫిబ్రవరి 27. ఒక్క కూడిక! మూడవ తరగతి పిల్లవాడు చేయగలిగినది.

అందులోనూ ఒక గొయ్యి ఉన్నది. మొదట మాకు 19,650 బదులు 19,649 వచ్చింది. రెండు గంటలు తల పట్టుకొన్న తరువాత తెలిసినది, యంత్రం సెకండ్లను గ్రీనిచ్ కాలమునుండి లెక్కిస్తుంది. మన అర్ధరాత్రి వారికి ముందురోజు సాయంత్రం ఆరున్నర. అందుచేత తేదీని అర్ధరాత్రితో గాక మధ్యాహ్నం పన్నెండుతో మొదలుపెట్టి లెక్కించాము. మన మధ్యాహ్నం వారికి అదే రోజు ఉదయం ఆరున్నర గనుక రోజు తప్పిపోదు. ఆ మాటకు వస్తే రోజు ఎప్పుడు మొదలగునను విషయములోనే మన ఊరిలో ఏకాభిప్రాయం లేదు. ఆఫీసుకు అర్ధరాత్రి, పంచాంగమునకు సూర్యోదయం, మాకు సూర్యాస్తమయం. ఖాలూ మగ్రిబ్ తరువాత పోయి ఉంటే చాంద్ తేదీ ఒకటి పెరిగేది. అందుకని మగ్రిబ్‌కు ముందా, తరువాతా అని కూడా మా ఆదేశం అడుగుతుంది.

చాంద్ నెలలను గురించి చాలా తర్జనభర్జన పడ్డాము. ముప్పై ఏండ్లను ఒక చక్రముగా తీసుకొని, అందులో పదకొండు ఏండ్లకు ఒక రోజు అధికముగా చేర్చి, మొత్తం 10,631 రోజులుగా లెక్కించే పట్టిక పూర్వం నుండి ఉన్నది. కంప్యూటరుకు అది సులభం. అయితే పెందుర్తిలో పండుగ ఆ పట్టికను చూచి రాదు. ఇరవైతొమ్మిదవ రోజు సాయంత్రం మేడ మీద నిలబడినవారికి నెలవంక కనబడుటను బట్టి వస్తుంది. మబ్బు పట్టితే మరుసటి రోజు. కాబట్టి లెక్క కట్టించుట మానుకొని, ఒక చిన్న ఫైలు తెరచి, నెలకొక పంక్తి చొప్పున, ప్రకటించిన మొదటి తేదీని మా చేతితోనే వ్రాస్తున్నాము. గడచిన నెలలకు మా “తారీఖు” తొణకని జవాబు చెప్పుతుంది. రాబోయే నెలలకు “ఒక రోజు అటో ఇటో” అని చేర్చి చెప్పుతుంది. శిష్యుడు ఇది చూచి, “ఇందులో ఆటోమేటిక్ ఏముంది సార్?” అన్నాడు. ఏమీ లేదు.

అన్నిటికంటె ముఖ్యమైన మార్పు ఒకటి చేశాము. ఊరక “నెల” అని కొడితే మా ఆదేశం ఇప్పుడు లెక్క చేయదు. “ఎవరి నెల?” అని అడిగి ఆగిపోతుంది. ఇంగ్లీష్, చాంద్, తీస్ అను మూడింటిలో ఒకటి చెప్పవలెను. తీస్ అంటే ముప్పై రోజులు. మా అమ్మీ ఆనాడు అడిగిన ప్రశ్నయే అది, మాట మాత్రం కొంచెం వేరు. కళాశాల ఆఫీసులో దీనిని వాడే గుమస్తాగారికి ఇది విసుగు. “అందరి నెలా ఒక్కటే గదండీ” అంటారాయన. ఫీజుల గడువు కొరకు వారి కంప్యూటరులో ఆ ప్రశ్న తీసివేయమని రెండుసార్లు అడిగారు. మేము తీయలేదు.

పోయిన ఏడు, 2025 జనవరి నెలాఖరున ఖాలా పెందుర్తిలోనే ఉన్నది. కూతురు పాపతో వచ్చియున్నది. పాప పుట్టినది ఫిబ్రవరి 29 గదా, ఆ తేదీ ఆ ఏడు లేదు. యంత్రమునకు ఒక ఇంగ్లీషు సంవత్సరం కలుపుమంటే మార్చి 1 అన్నది. ఖాలా వంటింటి నుండే, “చాంద్ లెక్కన చెప్పు” అన్నది. పాప షాబాన్ 18న పుట్టినది. కంప్యూటరు మూసి, చెప్పులు తొడుక్కొని, సందు చివరకు వెళ్ళి, షాబాన్ చాంద్ ఎప్పటి నుండి అని మౌల్వీ సాహెబును అడిగి వచ్చాము. జనవరి 31 అన్నారు. ఫైలులో ఆ పంక్తి వ్రాసి, మళ్ళీ అడిగితే ఫిబ్రవరి 17, సోమవారం అని వచ్చింది. ఖాలా రెండు తేదీలూ విని, “అయితే రెండు రోజులూ సేమ్యా వండుతాను” అన్నది. పాపను ఎత్తుకొని వచ్చి తెర చూపించినది. పాప తెర మీద అరచేయి వేసి కొట్టినది. ఆ మరక ఇంకా ఉన్నది.